తిరుగుటపా: బొటనవేలు చూపిస్తే ఒప్పుకున్నట్టేనా?

పోయిన సంచికలో, పాత ఉత్తరాల మొదట్లో రాసే పలకరింపు గురించి మాటవరసకు ఒక వాక్యం రాశాను, "ఉభయకుశలోపరి అన్న మాట కంటపడి ఎన్నేళ్ళయిందో" అని. తేనెపట్టు మీద రాయి వేసినట్టయింది. నలభై ఏడు ఉత్తరాలు వచ్చాయి. వాటిలో తపాలా బిళ్ళ అంటించుకుని వచ్చినవి మూడే, మిగిలినవన్నీ ఫోనులోకి వచ్చి వాలినవి. ముప్ఫై నాలుగేళ్ళు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చున్నదాన్ని కాబట్టి అన్నిటినీ ఉత్తరాలనే అంటాను, ఏమీ అనుకోకండి. దాదాపు అందరూ అడిగింది ఒకటే: మనం రాసే రాతలో మర్యాద, పద్ధతి ఎందుకు సడలిపోతున్నాయి? చోటు పట్టినంతవరకు జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: పోస్టమ్మ గారూ, మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే వాడికి వాట్సాప్‌లో పదిహేను పంక్తులు రాస్తాను. చెరువు నిండిందని, వాళ్ళ అమ్మకు షుగరు తగ్గిందని, మేనత్త కూతురి పెళ్ళి కుదిరిందని. వాడు తిరిగి ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరం, "కె" అని పంపుతాడు. "ఓకే"లో సగం. తండ్రికి రాసే పద్ధతి ఇదేనా? (నంద్యాల నుంచి ఒక తండ్రి)

జవాబు: అయ్యా, రిజిస్టరు పోస్టుకు ఒక కార్డు జతచేసేవాళ్ళం గుర్తుందా? అవతలివారు సంతకం చేస్తే తిరిగి మనకు వచ్చేది. దాన్ని అక్నాలెడ్జిమెంటు అనేవాళ్ళం, దానికి వేరే రుసుము కూడా ఉండేది. ఆ కార్డు మీద కుశలప్రశ్నలు లేవని ఎవరూ నొచ్చుకోలేదు. మీ అబ్బాయి పంపుతున్నది ఆ కార్డే. ఉత్తరం చేరింది. జవాబు మాత్రం ఇంకా బాకీ ఉంది.

చిన్న రాత అంటే చిన్నచూపు అని మీరు అనుకుంటున్నారు. నేను అనుకోను. మనియార్డరు ఫారం అడుగున వేలెడంత జాగా ఉండేది, డబ్బు పంపేవాడు నాలుగు మాటలు రాసుకోవడానికి. నేను రేపల్లె దగ్గర పనిచేసినప్పుడు ఒక ముసలమ్మకు భిలాయి నుంచి కొడుకు నెలనెలా డబ్బు పంపేవాడు. ఆ జాగాలో "అమ్మా, మోకాలికి నూనె రాసుకో" అని ఉండేది. ప్రతి నెలా అదే మాట. చదవడం రాని ఆవిడ నా చేత మూడుసార్లు చదివించుకుని, ఆ ముక్క కత్తిరించి ఇమ్మని, కొంగున ముడివేసుకుని వెళ్ళేది. ఆ నాలుగు మాటల్లో "మహారాజశ్రీ" లేదు, "నమస్కారములు" లేవు. మోకాలు ఉంది.

ఇక మీరు నాకు నమూనాగా పంపిన పదిహేను పంక్తులు రెండుసార్లు చదివాను. కోప్పడకండి, అందులో ప్రశ్న ఒక్కటీ లేదు. అన్నీ వార్తలే. రేడియో వార్తలు విన్నవాడు ఏమని జవాబు చెబుతాడు? వచ్చే వారం రెండే పంక్తులు రాయండి. "మీ ఇంటి ముందు నాటిన కరివేపాకు మొక్క బతికిందా? ఫోటో పంపు" అని. ఇంకొకటి, మీ ఆదివారం ఉదయం ఎనిమిది గంటలంటే వేసవిలో డాలస్‌లో శనివారం రాత్రి తొమ్మిదిన్నర. పిల్లలను నిద్రపుచ్చే వేళ. ఒంటి చేత్తో కొట్టగలిగింది ఒక్క అక్షరమే కావచ్చు.

ప్రశ్న: తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయడం నాకు అలవాటు. మా తాతయ్యకు తెలుగు తప్ప రాదు. నేను పంపినవి నాన్నతో చదివించుకుంటారు. తెలుగులో టైపు చేయాలంటే నాకు బాగా ఆలస్యమవుతుంది. ఇందులో తప్పుందా? (డిగ్రీ విద్యార్థిని, హైదరాబాదు)

జవాబు: ఈ అలవాటు నీ సోమరితనం వల్ల పుట్టింది కాదమ్మా, ముందు ఆ నింద తీసేద్దాం. పాత ఫోన్లలో ఒక ఎస్సెమ్మెస్‌కు ఇంగ్లీషులో అయితే 160 అక్షరాలు పట్టేవి. తెలుగులో రాస్తే 70 మాత్రమే. సందేశానికి దొరికే చోటు ఒక్కటే. తెలుగు అక్షరానికి అందులో రెట్టింపుకు మించి చోటు కావాలి, అంతే. ఆ డెబ్భైలోనూ గుణింతానికి వేరే లెక్క, ఒత్తుకు వేరే లెక్క, సున్నకు వేరే లెక్క. "క్షేమం" అని రాస్తే మన కంటికి రెండు అక్షరాలు, ఫోను లెక్కలో ఆరు. క్షేమసమాచారం తెలుగులో అడిగితే రెండు సందేశాల ఖర్చు! పైగా అవతలి ఫోనులో తెలుగు లేకపోతే ఖాళీ గళ్ళు కనిపించేవి. అందుకే మీ ముందు తరం ఇంగ్లీషు అక్షరాలు పట్టుకుంది. ఇప్పుడు ఆ లెక్క పోయింది, అలవాటు మిగిలింది.

ఆ అలవాటుకు మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. మా చెల్లెలి కొడుకు చుట్టాల గ్రూపులో ఇలాగే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు, "నాన్నకు కళ్ళు చూపించడానికి గుంటూరు తీసుకెళ్తున్నాం" అని. ఊళ్ళో మా పెద్దమ్మ దాన్ని పక్కింటి అయిదో తరగతి కుర్రాడితో చదివించుకుంది. వాడు ఉన్నదున్నట్టు, నిదానంగా, "నాన్నకు కల్లు చూపించడానికి" అని చదివాడు. మా పెద్దమ్మ వెంటనే మా చెల్లెలికి ఫోను చేసింది. "ఆ మనిషికి కల్లు చూపించడానికి గుంటూరు దాకా ఎందుకే, మన చెరువు గట్టున తాడిచెట్లు లేవూ?"

ఇంగ్లీషు అక్షరాల్లో ళ లేదు, ణ లేదు. ద, డ ఒకటే. త, ట ఒకటే. నువ్వు "తాతా" అని ప్రేమగా మొదలుపెడితే అది "టాటా" అని కూడా చదువుకోవచ్చు. పలకరింపుకు బదులు వీడ్కోలు.

నీ స్నేహితురాళ్ళకు ఎలా రాసినా నాకు అభ్యంతరం లేదు, వాళ్ళకు అర్థమవుతుంది కాబట్టి. తాతయ్య సంగతి వేరు. చదువురాని వాళ్ళకు ఉత్తరాలు చదివిపెట్టిన అనుభవంతో చెబుతున్నాను, ఇంకొకరితో చదివించుకునే మనిషికి సొంత విషయమంటూ ఉండదు. కూతురి ఉత్తరం నేను చదివి వినిపిస్తుంటే తల్లులు నా ముఖం వంక చూసేవాళ్ళు, లోపల ఇంకేమైనా ఉండి నేను దాటేస్తున్నానేమోనని. నువ్వు తాతయ్యకు రాస్తున్నావు, చదువుతున్నది మీ నాన్న. మీ ఇద్దరి మధ్య ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టుకుని మైకు బొమ్మ నొక్కి మాట్లాడు, అదే రాసిపెడుతుంది. తప్పులు వస్తాయి. తాతయ్య దిద్దుకుంటారు, అదీ ఆయనకు కాలక్షేపమే.

ప్రశ్న: నాకు డెబ్భై ఒకటో ఏడు. మా బ్యాంకు నుంచి వచ్చే సందేశం "హాయ్ సుబ్బలక్ష్మి, నీ ఖాతాలో" అని మొదలవుతుంది. నన్ను పేరు పెట్టి పిలిచే హక్కు వీళ్ళకు ఎవరిచ్చారు? (విజయనగరం)

జవాబు: ఎవరూ ఇవ్వలేదండీ. ఇంగ్లీషులో ఉన్న ఒక్క మాటను ఎవరో నువ్వు అనాలో మీరు అనాలో ఆలోచించకుండా తెలుగు చేసి ఉంటారు. తెలుగులో ఆ ఎంపిక తప్పించుకోలేం. నోరు తెరిస్తే ఎదుటివారు ఎవరో తేల్చుకోవాల్సిందే. మా బ్యాంకు నన్ను "ప్రియమైన వినియోగదారు" అంటుంది, నేను దానికి ఏ వరసలో ప్రియమో తెలియదు. మీరు వారి ఫిర్యాదుల చిరునామాకు ఒక్క పంక్తి రాయండి: "గారు అన్న మాటకు రెండే అక్షరాలు. చార్జీ కావాలంటే నా ఖాతాలో కోసుకోండి."

ప్రశ్న: నేను తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేశాను. ఫోనుల్లో రాతలు చూస్తుంటే భాష పూర్తిగా పాడైపోతోందనిపిస్తోంది. వాడుక భాష కావాలని గిడుగు వారు పోరాడింది ఈ అడ్డగోలు రాతల కోసమేనా? (రాజమహేంద్రవరం)

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలోనే ఒక మాట పట్టుకుంటాను, క్షమించాలి. "పాడైపోతోంది" అన్నారు. నూరేళ్ళ కిందట మీ కుర్చీలో కూర్చున్న పండితులు ఆ మాటను ఎర్ర సిరాతో కొట్టేసి "చెడిపోవుచున్నది" అని దిద్దేవారు. మీరు భాష కోసం బాధపడిన భాషే అప్పట్లో గ్రామ్యం.

గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టి 1940లో పోయారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. 1907 ప్రాంతంలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన ఏట్సు దొర, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకాల తెలుగు ఇంకొకటీ ఎందుకున్నాయని అడిగాడు, అక్కడి నుంచి కథ నడిచింది. గురజాడ గారు 1914లో వాడుక భాష వైపు నిలిచి మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. 1919లో గిడుగు వారు "తెలుగు" అనే పత్రికే పెట్టారు. ఇదంతా మీకు నాకంటే బాగా తెలుసు. నాకు నచ్చే సంగతి వేరే ఉంది. ఆయన "ఎలాగైనా రాసుకోండి" అని ఊరుకున్న మనిషి కాదు. శాసనాలు, కైఫీయతులనే పాత ఊళ్ళ చరిత్రలు, పాత వ్యాఖ్యానాలు తిరగేసి, వాడుక రూపాలు ఎప్పటి నుంచి ఉన్నాయో చూపించారు. గ్రాంథికమే రాయాలన్న పండితులు రాసిన గ్రాంథికంలో ఎన్ని తప్పులున్నాయో ఏరి "ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం" అని ఒక పుస్తకమే వేశారు. సవరలనే గిరిజనుల భాషకు నిఘంటువు కట్టడానికి ఏళ్ళ తరబడి మాటమాటా విని రాసుకున్న చెవి అది. ఆయన ఫోనులో మన గ్రూపులు ఉండి ఉంటే పొద్దున ఆరు గంటలకల్లా మనందరికీ తప్పొప్పుల పట్టిక వచ్చేది.

మా నాన్నగారు తెనాలిలో దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం అరుగు మీద చాప, వంపు బల్ల, రెండు సిరాబుడ్లు. ఆయన రాసే తెలుగు నిఖార్సయిన గ్రాంథికం: "నిధి నిక్షేప జల తరు పాషాణ సహితముగా, దాన వినిమయ విక్రయములకు యోగ్యమగునటుల, పుత్ర పౌత్ర పారంపర్యముగా అనుభవించువారు". చిన్నప్పుడు నాకది మంత్రంలా ఉండేది. ఒకసారి అడిగాను, ఆ అరెకరం మెట్టలో నిధి ఎక్కడిది నాన్నా అని. ఆయన కలం దించకుండానే అన్నారు, "నిధి లేదు, నిక్షేపం లేదు. అదంతా సన్నాయి. పెళ్ళి హద్దుల దగ్గర జరుగుతుంది." తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఏ పుంత, పడమర ఏ కాలువ, ఉత్తరాన ఎవరి గట్టు. ఆ నాలుగు పంక్తులు రాసేటప్పుడు మాత్రం ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కాదు. రాసి, కొలతలు మళ్ళీ చెప్పించుకుని, రెండోసారి చూసుకునేవారు.

ఫోను రాతల్లో సన్నాయి ఆగిపోయిందని మీ బాధ. నేను హద్దులు చూస్తాను. "రేపు వస్తాను" అని రాస్తారు, ఏ బస్సుకో రాయరు. "వాళ్ళు ఒప్పుకున్నారు" అంటారు, ఎవరు, దేనికి, తెలియదు. ఆరు సందేశాలు నడిస్తేగాని సంగతి తేలదు. నాకు ఒళ్ళు మండేది అక్కడ.

ప్రశ్న: మెసేజీ చివర ఫుల్‌స్టాప్ పెడితే "పిన్నీ, నామీద కోపమా?" అని అడుగుతోంది మా అక్క కూతురు. చుక్కకూ కోపానికీ సంబంధం ఏమిటి? (కరీంనగర్)

జవాబు: వాళ్ళ లెక్క ఇది: సందేశం పంపడంతోనే వాక్యం అయిపోయింది, ఇంక చుక్క దేనికి? అవసరం లేనిచోట పెట్టారంటే తలుపు దభాలున వేశారని అర్థం. మనకు నవ్వు వస్తుంది. ఆ చుక్క మాత్రం మన తాతల సొత్తేమీ కాదు. తాటాకుల్లో మాటకూ మాటకూ ఎడం కూడా వదిలేవారు కాదు, పద్యం అయితే నిలువుగీత ఉండేది. చుక్క ఇంగ్లీషు అచ్చుతో వచ్చిన చుట్టం. మీరు పెట్టుకోండి. ఆ పిల్లకు రాసేటప్పుడు మాత్రం చుక్క తరవాత "తిన్నావా?" అని చేర్చండి. ప్రశ్నార్థకంలో కోపం ఉండదట, కనుక్కున్నాను.

ప్రశ్న: మాది మిర్చి సాగు. ఒక వ్యాపారి క్వింటాకు ఇంత, నలభై బస్తాలు, సోమవారం లారీ పంపుతాను అని వాట్సాప్‌లో పెట్టాడు. నేను బొటనవేలు బొమ్మ పెట్టాను, చూశాను అన్న ఉద్దేశంతో. శనివారానికి ధర పెరిగింది. ఇప్పుడు అతను నువ్వు ఒప్పుకున్నావు అంటున్నాడు. బొటనవేలు చూపిస్తే ఒప్పుకున్నట్టేనా? (గుంటూరు జిల్లా రైతు)

జవాబు: నేను వకీలును కాను. వకీలును కలవండి, ఆ ఫోనులో సందేశాలు ఒక్కటీ చెరిపేయకుండా తీసుకెళ్ళండి.

నాకు తెలిసినంతలో చెబుతాను. అచ్చం మీలాంటి తగాదా కెనడాలోని సస్కాచెవాన్‌లో నడిచింది. అవిసెగింజలు పండించే ఒక రైతుకు ధాన్యం కొనేవాళ్ళు 2021లో ఒప్పందం ఫోటో తీసి పంపి, ఖాయం చెయ్యమన్నారు. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఈలోపు ధర పెరిగింది, సరుకు ఇవ్వలేదు. కోర్టులో ఆయన చెప్పిందీ మీ మాటే, అందిందని చెప్పడానికే పెట్టానని. న్యాయమూర్తి ఒప్పుకోలేదు. అంతకుముందు ఇదే ఇద్దరి మధ్య ఫోనులో "సరే" లాంటి ఒక్క మాటతోనే బేరాలు కుదిరి సరుకు వెళ్ళింది కాబట్టి, ఈ బొమ్మ కూడా సంతకమేనని 2023లో తీర్పు ఇచ్చారు. 82,000 కెనడా డాలర్లకు పైగా కట్టమన్నారు. అప్పీలులోనూ 2024లో అదే నిలిచింది.

అది అక్కడి చట్టం, మనకు వర్తించదు. మన దగ్గర 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో తరవాత చేర్చిన 10ఎ సెక్షను, ఒప్పందం కంప్యూటరులోనో ఫోనులోనో కుదిరిందన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదని చెబుతుంది. కాబట్టి "ఫోనులో మాటే కదా" అన్న వాదన పనికిరాదు. గతంలో అతనితో ఇలాగే బేరాలు కుదుర్చుకున్నారా, ఆ బొమ్మ తరవాత మీరేం రాశారు, ఇవన్నీ చూస్తారు. పొలం అమ్మకమైతే వేరు, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బొటనవేలు బొమ్మతో సెంటు భూమి కూడా చేతులు మారదు.

మీ ఉత్తరం చదువుతుంటే మా నాన్నగారి చాప గుర్తుకొచ్చింది. చదువురాని రైతు వస్తే దస్తావేజు మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించేవారు. మధ్యలో ఆపి, "ఏమన్నాను, చెప్పు" అని అతని నోటితో చెప్పించేవారు. ఆ తరవాతే ఎడమచేతి బొటనవేలు సిరాదిండు మీద పెట్టించి, తానే పట్టుకుని కాగితం మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దొర్లించేవారు. కింద "చదివి వినిపించగా విని ఒప్పుకొని చేసిన వేలిముద్ర" అని రాసేవారు. వేలు పెట్టిన మనిషి తన పంచె అంచుకు సిరా తుడుచుకుంటూ కాసేపు అక్కడే నిలబడేవాడు, చేసిన పని ఎంత పెద్దదో అప్పుడు తెలిసినట్టు. మన బొమ్మకు సిరా అంటదు. చూశాను అని చెప్పాలంటే "చూశాను, ఇంకా ఖాయం చెయ్యలేదు, రేపు చెబుతాను" అని మాటల్లో రాయండి. మూడు ముక్కలకు ఎంతసేపు పడుతుంది?

ప్రశ్న: ప్రధానోపాధ్యాయురాలిని. మా టీచర్లు సెలవు చీటీ రాయడం మానేశారు. పొద్దున్న ఎనిమిదిన్నరకు "మేడం ఈ రోజు రాను" అని మెసేజీ. నన్ను అడుగుతున్నారా, నాకు చెబుతున్నారా? (శ్రీకాకుళం)

జవాబు: చెబుతున్నారు. కాకపోతే, "తమరి దివ్యసముఖమునకు విధేయురాలు వ్రాసుకొను విన్నపము" అని వచ్చిన రోజుల్లో మాత్రం నిజంగా అడిగేవారా ఏమిటి? నేను కౌంటరులో ఉండగా పండగ ముందు రోజుల్లో కుర్రాళ్ళు వచ్చేవారు. ఊళ్ళో ఉన్న అన్నకు ఫోను చేసి, తమ పేరుకే ఒక టెలిగ్రాం ఇప్పించుకునేవారు. తండ్రికి ప్రమాదంగా ఉంది, వెంటనే బయలుదేరు అని, ఇంగ్లీషులో నాలుగే మాటలు. మాటకు ఇంత అని రుసుము కదా, అయిదోది వృథా. ఆ కాగితం చూపిస్తే సెలవు ఖాయం. మూడు సంక్రాంతులకు మూడుసార్లు ప్రమాదంలో పడ్డ ఒక తండ్రి నాలుగో ఏడు స్వయంగా వచ్చి నా దగ్గరే కవర్లు కొనుక్కున్నాడు. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయింది, అదే ఏడు నేనూ రిటైరయ్యాను. అబద్ధాలు ఆగినట్టు లేవు.

మీరు ఆ విధేయతలు అడగకండి. ఎన్ని రోజులు, ఎందుకు, ఏ తరగతి ఎవరికి అప్పజెప్పారు, ఈ మూడూ ముందు రోజు రాత్రి ఎనిమిది లోపల రావాలని గోడ మీద రాసి అంటించండి.

ప్రశ్న: మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో తీగకు గుచ్చిన పాత కార్డులు దొరికాయి. కొన్నిటి మీద "మహాలక్ష్మీ సమానురాలైన" అని ఉంది. 1961 తరవాతి వాటి మీద "గంగాభాగీరథీ సమానురాలైన" అని ఉంది. ఎంత అందంగా సంబోధించేవారో! మనం ఎందుకు వదిలేశాం? ఈ తేడా ఎందుకు? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విజయవాడ)

జవాబు: బాబూ, మీ తాతగారు 1961లోనో ఆ ముందో పోయి ఉంటారు. ఇంట్లో అడిగి చూడు.

మొదటిది భర్త ఉన్న ఆడవారికి రాసేది, రెండోది భర్త పోయినవారికి. పవిత్ర నదుల పేర్లే కాబట్టి వినసొంపుగానే ఉంటుంది. కార్డు అంటే మూత లేని ఉత్తరం. ఆ మాట పెట్టెలోంచి తీసిన వాడు చూస్తాడు, సార్టింగులో మేము చూస్తాం, పోస్టుమాను చూస్తాడు, వీధిలో అందుకున్న పిల్లవాడు పైకి చదువుతాడు. ఆవిడ పేరు కంటే ముందు ఆవిడ పోగొట్టుకున్నది ఊరంతటికీ తెలిసేది, వచ్చిన ప్రతి ఉత్తరంతోనూ, బతికినన్నాళ్ళూ.

మా నాన్నగారు 1984లో పోయారు. నెల తిరగకుండా మా పెద్ద మామయ్య దగ్గర నుంచి అమ్మ పేరుకు కార్డు వచ్చింది. ఆ రోజు సార్టింగులో నేనే ఉన్నాను. కట్ట విప్పితే పైన అదే. గుండ్రటి దస్తూరీలో, ఒక్క తప్పు లేకుండా, "గంగాభాగీరథీ సమానురాలైన" అని. మామయ్య చెడ్డవాడు కాదు, పద్ధతి తప్పితే చెల్లెలిని అగౌరవపరిచినట్టని భయపడే మనిషి. తపాలా ఉద్యోగం, ఒకరి ఉత్తరం ఆపడానికి లేదు. మా వీధి కట్టలో వేశాను. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ ఆ కార్డును రుబ్బురోలు పక్కన, చిరునామా కిందికి ఉండేలా బోర్లించి పెట్టింది. ఏం రాశాడని అడిగితే, "బాగానే ఉన్నార్ట" అంది.

1972లో పిన్‌కోడు వచ్చింది, తరవాత తరవాత పేరు, ఇంటి నంబరు, ఆ ఆరంకెలు ఉంటే చాలని జనం నేర్చుకున్నారు. ఆ సంబోధనలు వాటంతట అవే రాలిపోయాయి. రాతలో మర్యాద పోయిందని నాతో అనేవారందరికీ ఈ కార్డు సంగతి చెబుతుంటాను. మీ నాయనమ్మ కార్డులు మాత్రం పారేయకు. వెనక వైపు ఉన్న రాత చదువు, బియ్యం ధరలు తప్పకుండా ఉంటాయి.

ప్రశ్న: ఎవరైనా పోయారని గ్రూపులో వస్తే అందరూ చేతులు జోడించిన బొమ్మ పెడుతున్నారు. నేనూ అదే పెడుతున్నాను, పెట్టాక ఏదోలా ఉంటుంది. ఏం రాయాలి? (నిజామాబాద్ నుంచి ఒక గృహిణి)

జవాబు: అమ్మా, బొమ్మ పెట్టడం తప్పు కాదు. మాటలు దొరకని చోట చేతులు జోడించడం మనకు ఫోను నేర్పింది కాదు. ఇదివరకు చావు కబురు కార్డు వస్తే చదివి చించేసేవాళ్ళం, ఇంట్లో ఉంచేవాళ్ళం కాదు. జవాబు రాయడం కంటే వెళ్ళి కూర్చోవడమే ఉండేది.

మావారు లెక్కల మాస్టారు. పోయి రెండేళ్ళయింది. ఆ రాత్రి నిద్రపట్టక ఫోను తీసి చూశాను. చుట్టాల గ్రూపులో అరవై రెండు జతల చేతులు. లెక్కపెట్టాను, ఆయన అలవాటు నాకూ అంటుకుంది. ఒక పిల్లాడు వేలు జారి పుట్టినరోజు కేకు బొమ్మ పెట్టి, కంగారుగా తీసేసి, మళ్ళీ చేతులు పెట్టాడు. వాడిమీద నాకు కోపం రాలేదు, నిజానికి ఆ రోజు నవ్వు వచ్చింది అక్కడొక్కచోటే. మిగిలినవన్నీ ఒకే రంగు, ఒకే కొలత. ఎవరివి ఎవరివో పైన పేరు చూస్తేగాని తెలియలేదు.

కాబట్టి నేను చెప్పగలిగింది ఇంతే. పోయినవారి పేరు రాయండి, లేదా మీరు పిలిచే వరస రాయండి. వారి గురించి మీకు గుర్తున్నది ఒకటి, చిన్నదైనా సరే. మీరు ఎప్పుడు వస్తారో, రాలేకపోతే ఎప్పుడు ఫోను చేస్తారో. ఆత్మశాంతి సంగతి భగవంతుడు చూసుకుంటాడు.

ఆ రాత్రి గ్రూపు బయట ఒక సందేశం విడిగా ఉంది. ఒకప్పుడు నా దగ్గర పనిచేసిన పోస్టుమాను పంపినది. చుక్కలు లేవు, కామాలు లేవు, "లెక్కలు" అన్న మాటకు ఒత్తు లేదు. "మేడం గారు సారు మా రెండోవాడికి పదిలో లెకలు చెప్పి డబ్బులు తీసుకోలేదు గురువారం పొద్దున్న బండి మీద వస్తాను ఇంట్లోకి ఏమన్నా తేవాలా" అని.

వచ్చినవాటిలో ఆ ఒక్కదానికే తిరిగి రాశాను. "అరకిలో చింతపండు, బట్టల సబ్బు ఒకటి."